తిరగెయ్యని తొమ్మిది రాళ్ళు

ఆ దీవి చర్చిలో బాప్తిస్మం పరీక్ష అంటే ఎవరికీ భయం లేదు. ఏడాదికోసారి, ఈస్టర్ నాటి బాప్తిస్మానికి రెండు వారాల ముందు పెడతారు. పాస్టరు గారూ సంఘపెద్దా బల్లకి అటు కూర్చుంటారు, బాప్తిస్మం కావాలన్నవాళ్ళు ఇటు కూర్చుంటారు. అడిగేవి నాలుగైదు ప్రశ్నలు. పళ్ళూడిన తాతలూ, అక్షరం ముక్క రాని అవ్వలూ కూడా మొదటిసారికే గట్టెక్కేస్తారు. ఇందులో తప్పాలంటే పనిగట్టుకుని తప్పాలి. డెబ్బై అయిదేళ్ళ జొమ్నే మాత్రం వరసగా ఏడేళ్ళు తప్పింది. ఇది ఎనిమిదోసారి.

"మీరు పాపినని ఒప్పుకుంటారా?" అని సంఘపెద్ద తాక్ అడిగాడు.

"నేను కాకపోతే మీరా?" అంది జొమ్నే.

"యేసు ప్రభువు మీ కోసం ప్రాణం పెట్టాడని నమ్ముతారా?"

"నమ్మకపోతే పదకొండేళ్ళుగా మీ చర్చి గిన్నెలు ఎందుకు తోముతానండీ?"

"సరే. మీరు చేసిన పనుల వల్ల కాదు, కేవలం ఆయన కృప వల్లే మీకు రక్షణ దొరికిందని నమ్ముతారా?"

జొమ్నే ఒళ్ళో ఉన్న చేతులకేసి చూసుకుంది. కీళ్ళ దగ్గర ఉబ్బి, అల్లం కొమ్ముల్లా వంకర తిరిగిన చేతులు. అవి ఊరికే ఉండగా ఆ దీవిలో ఎవరూ చూడలేదు.

"వచ్చే ఏడు అడగండి," అంది.

తాక్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అయ్యో అమ్మా, ఊళ్ళో పిల్లలు యూనివర్సిటీ పరీక్ష మూడోసారి రాస్తేనే తల్లిదండ్రులు మొహం చాటేస్తారు. మీకిది ఎనిమిదోసారి. నాకా డెబ్బై తొమ్మిది వచ్చాయి. మీరు పాసయ్యేదాకా నేనుండొద్దూ?"

పాస్టరు హ్యొన్ నవ్వలేదు. పోయిన శరదృతువులో వచ్చాడు, ముప్పై అయిదేళ్ళవాడు, పట్నం మనిషి. పోటూ పాటూ తెలియక ఇప్పటికే రెండుసార్లు కారుని సముద్రంలో దింపి, ఊరందరిచేతా తోయించుకున్నాడు. పాత పాస్టర్లు ముగ్గురూ 'సరే, వచ్చే ఏడు' అని వదిలేసిన చోట ఇతను ఆగాడు.

"ఇంకా ఏం మిగిలిందమ్మగారూ?"

"పని మిగిలిందండీ. ఒకావిడకి చెయ్యాల్సిన పని. అది అయిపోతే మీరిచ్చేది ఉచితంగా తీసుకుంటాను."

"పనంతా అయ్యాక తీసుకునేదాన్ని ఉచితం అంటారా?"

జొమ్నే బల్ల మీద లేని దుమ్ముని అరచేత్తో తుడిచింది.

"పోనీ, ఎప్పటికవుతుంది ఆ పని?"

ఆ మాట ఆమెని ఇదివరకు ఎవరూ అడగలేదు. తనని తానూ ప్రశ్నించుకోలేదు. "ఎప్పటికీ కాదండీ," అంది మెల్లిగా. "ఆవిడ పోయినా కాదు. నేను పోయినా కాదు."

"ఆవిడకి తెలుసా, మీరు దేనికోసం చేస్తున్నారో?"

"తెలీదు."

"ముందు చెప్పండి. నన్నడిగితే బాప్తిస్మానికి అది అడ్డం కాదు. కానీ అడ్డమని మీరే పెట్టుకు కూర్చున్నారు. ఈస్టర్ ముందు శనివారం దాకా మీ పేరు కొట్టెయ్యను."

ఆ ఆవిడ ఎవరో పాస్టరుకి తెలీదు కానీ, చర్చి వంటగదిలో చెంచా పట్టుకున్న ఏ ఆడదాన్ని అడిగినా చెప్పేది. జొమ్నే పని చేసేది ఇంకెవరికి? యాంగ్‌నిమ్‌కి. జొమ్నే కన్నా మూడేళ్ళు చిన్న, పక్కింటిది, కుంటిది. చంటిపిల్లల తోపుడుబండి ఒకటి సంపాదించి, దాని మీద బరువానించి, కుడికాలు ఈడ్చుకుంటూ ఊరంతా తిరుగుతుంది. ఏడాదికి సరిపడా ఆమె కిమ్చి పచ్చడి జొమ్నే పెడుతుంది. ఆమె వెల్లుల్లి మడి జొమ్నే తవ్వుతుంది. రోడ్డు పడకముందు ప్రతి ఆదివారం ఆమెని వీపున మోసుకుని కొండెక్కి చర్చి గుమ్మంలో దింపేది, ఆరాధన అయ్యేదాకా బయట నిలబడి, మళ్ళీ మోసుకొచ్చేది. అలా ముప్పై ఏళ్ళు గుమ్మం బయట నిలబడి వినీ వినీ, ఒక చలికాలం తనూ లోపలికి వచ్చి కూర్చుంది. ఒక తల్లి కడుపున పుట్టినా ఇంత చెయ్యరని ఊరంతా అంటుంది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా జొమ్నే లేచి ఏదో పని కల్పించుకుని వెళ్ళిపోతుంది.

ఎందుకంటే, ఆ కాలు విరగడానికి కారణం జొమ్నే.

ఇప్పుడంటే పెద్ద దీవికి సిమెంటు దారి ఉంది. నలభై ఒక్క ఏళ్ళ కింద బురదమేటల మీద పరిచిన రాళ్ళే దారి. సముద్రం వెనక్కి తీస్తే రాళ్ళు తేలతాయి, ముందుకొస్తే మునుగుతాయి. రోజూ మునిగే రాయికి నాచు పడుతుంది. కాలు పెడితే జర్రున జారుతుంది. అందుకని ఏడాదికోసారి, వసంతంలో నీళ్ళు బాగా తీసిన రోజున, ఊరంతా దిగి రాళ్ళని బోర్లా తిరగేసేవాళ్ళు. నాచు పట్టిన మొహం కిందికి, శుభ్రమైన మొహం పైకి. ఇంటికిన్ని రాళ్ళని వాటా.

ఆ ఏడు జొమ్నే మొగుడు చేపల వేటకి పోయి ఊళ్ళో లేడు. వాటా మాత్రం తగ్గలేదు. పైగా ముసలి విధవరాలు ఒకామెవి తొమ్మిది రాళ్ళు కూడా 'నువ్వు వయసులో ఉన్నావు కదా' అని ఈమెకే అంటగట్టారు. జొమ్నేకి ఒళ్ళు మండింది. తన వాటా తిరగేసింది. ఆ తొమ్మిది రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి, ఎవరూ చూడటం లేదని, పారతో పైపైన గీకేసింది. చూడ్డానికి శుభ్రంగానే కనిపించాయి. నాచు వేళ్ళు రాయిలోనే ఉన్నాయి. నెల తిరిగేసరికి మళ్ళీ పచ్చబడ్డాయి.

సరిగ్గా ఆ నెల తిరిగాకే యాంగ్‌నిమ్ ఆ రాళ్ళ మీద నుంచి వస్తూ జారిపడింది. తుంటి విరిగింది. నీళ్ళు రొమ్ముదాకా వచ్చాక పడవ అందింది. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. బురదలో చెయ్యి పెట్టి ఆక్టోపస్‌ని లాగడంలో ఆ చుట్టుపక్కల దీవుల్లో ఆమెని కొట్టేవాళ్ళు లేరు. మళ్ళీ ఒక్కనాడూ బురదలో దిగలేదు.

ఎవరూ జొమ్నేని అనుమానించలేదు. నాచు పట్టడం రాయికి సహజమే కదా అన్నారు. యాంగ్‌నిమ్ అయితే తప్పంతా తన మీదే వేసుకుంది. ఆ రోజు ఆమె పెద్ద దీవికి వెళ్ళింది అత్తగారికి చెప్పకుండా, అక్కడి ఊరి పెద్ద ఇంట్లో బ్యాటరీ మీద నడిచే టీవీలో కుస్తీ చూడ్డానికి! "కుస్తీ పిచ్చిలో పోటు వేళ మర్చిపోయాను, దేవుడు నా కాలు విరగ్గొట్టి తన దగ్గరికి లాక్కున్నాడు," అని ఆమె సాక్ష్యం. ఆ తర్వాతే చర్చికి రావడం మొదలుపెట్టింది మరి. ప్రత్యేక కూటాలు జరిగినప్పుడల్లా లేచి చెబుతుంది. మల్లయోధుడు తలతో ఎలా కుమ్మాడో నటించి మరీ చూపిస్తుంది. జనం పొట్ట పట్టుకుని నవ్వి, చివర్లో ఆమెన్ అంటారు. ఆ సమయానికి జొమ్నే ఎప్పుడూ వంటగదిలో ఉల్లికాడలు తరుగుతూ ఉంటుంది.

పరీక్ష తప్పిన మర్నాడు పొద్దున్నే, ముల్లంగి కిమ్చి గిన్నె ఒకటి పట్టుకుని జొమ్నే పక్కింటికి వెళ్ళింది. యాంగ్‌నిమ్ అరుగు మీద కాళ్ళు చాపుకుని ఆకుకూర ఏరుతోంది.

"రా అక్కా రా, మళ్ళీ తప్పావటగా! సంఘపెద్ద గారు ఊరంతా చాటింపు వేశాడు. ఆ మహానుభావుడికి నీ బాప్తిస్మం చూశాకే కన్ను మూస్తానని మొక్కుందేమో, నువ్వు తప్పే కొద్దీ ఆయన ఆయుష్షు పెరుగుతోంది."

"యాంగ్‌నిమ్, నీకో మాట చెప్పాలి."

"చెప్పు. ముందు కూర్చో. ఏంటా మొహం, ఎవరైనా పోయారా?"

జొమ్నే కూర్చోలేదు. గిన్నె కూడా కింద పెట్టలేదు. నిలబడే చెప్పింది. వాటా సంగతి, విధవరాలి రాళ్ళ సంగతి, పార సంగతి. నలభై ఒక్క ఏళ్ళు కడుపులో దాచుకున్న మాట నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

యాంగ్‌నిమ్ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. "ఏ రాళ్ళు?" అంది.

"ఒడ్డు నుంచి నలభయ్యో రాయి దాటాక. తొమ్మిది."

"నేను పడింది అక్కడే."

"అవును. అందుకే కదా, నీకే లోటూ రాకూడదని ఆ రోజు నుంచీ చేస్తున్నాను. ఏ ఒక్క ఏడూ మానలేదు. నీ కిమ్చి ముందు పెట్టాకే నాది పెట్టుకున్నాను."

యాంగ్‌నిమ్ ఆమెకేసి వింతగా చూసింది. కోపం కాదు అది, ఇంకా కోపం రాలేదు.

"కిమ్చి దానికోసమా?"

"అవును."

"నన్ను వీపున మోసుకెళ్ళింది?"

"దానికోసమే."

"మా ఆయన పోయినప్పుడు పదకొండు రోజులు నీ ఇల్లు వదిలేసి నా ఇంట్లో ఉన్నావు. నా తల దువ్వావు. నోట్లో గంజి పోశావు. అదీ?"

ఇక్కడ జొమ్నే తప్పు చేసింది. మహా నిజాయితీగా ఉండాలనుకున్న మనిషి చేసే తప్పు. ఇన్నాళ్ళూ దాచిందానికి ఇప్పుడైనా ఒక్క పొల్లు అబద్ధం ఉండకూడదని, ఆగి ఆలోచించకుండా, "అదీ దానికోసమే," అనేసింది.

యాంగ్‌నిమ్ ఆకుకూర జల్లెడ పక్కన పెట్టింది. గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"నాకు తోడబుట్టినవాళ్ళు లేరు," అంది. "ఈ దీవిలో ఒక అక్క ఉందనుకున్నాను. అది నా అదృష్టమని రోజూ ప్రార్థనలో దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. నువ్వేమో శిక్ష అనుభవిస్తున్నావన్నమాట! నా ఇల్లు నీకు జైలన్నమాట!"

"అది కాదే..."

"వెళ్ళిరండి జొమ్నేగారూ. ఆ గిన్నె కూడా తీసుకెళ్ళండి."

నలభై ఏళ్ళలో మొదటిసారి 'మీరు' అంది. 'గారూ' అంది. దానికన్నా తోపుడుబండి ఎత్తి నెత్తిన కొట్టినా బాగుండేది. జొమ్నే గిన్నెతో సహా ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడింది. కాలు గురించి తిడుతుందని సిద్ధపడి వెళ్ళింది. కాలు ఊసే ఎత్తలేదు.

ఆ తర్వాత రెండు వారాలు చూడాలి. యాంగ్‌నిమ్ ఉలకదు పలకదు. రెండిళ్ళ మధ్య గోడ మీద జొమ్నే పెట్టిన గిన్నెలు పెట్టినట్టే తిరిగొచ్చాయి, మూత కూడా కదల్లేదు. ఆదివారం వానలో ఒక్కతే బండి తోసుకుంటూ చర్చికి ఎక్కింది. జొమ్నే గొడుగు పట్టబోతే, "మీకెందుకండీ శ్రమ," అని పక్కకి జరిగింది. చర్చిలో ఎడమవైపు వరస వదిలేసి కుడివైపుకి పోయి కూర్చుంది. ఊరు ఊరంతా చెవులు కొరుక్కుంది. సంఘపెద్ద తాక్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మొదటిసారి ఏ వేళాకోళమూ ఆడకుండా వెళ్ళిపోయాడు.

జొమ్నేకి పొద్దు గడవలేదు. చేతులకి పని లేకపోతే ఆ మనిషికి ఊపిరాడదు. ఇంట్లో తోమిన గిన్నెలే తోమింది. చర్చి మెట్లు రోజుకి రెండుసార్లు కడిగింది. ఇంతకాలం కడుపులో దాచుకున్నప్పుడు యాంగ్‌నిమ్ అయినా ఉండేది. చెప్పి, ఆమెనీ పోగొట్టుకుంది. పాస్టరుని పట్టుకుని అడిగేసింది.

"చెప్పమన్నారు, చెప్పాను. ఉన్నది కాస్తా ఊడింది. ఇప్పుడేం చెయ్యమంటారు?"

పాస్టరు హ్యొన్ మొహం పాలిపోయింది. "నాకు తెలీదమ్మగారూ," అన్నాడు. "మీ ఇద్దరి కోసం ప్రార్థన చేస్తున్నాను. అంతకన్నా నాకు చేతకావడం లేదు." పాపం, అబద్ధమాడకుండా చెప్పినందుకు జొమ్నే అతన్ని అక్కడికక్కడే క్షమించేసింది.

శుభ శుక్రవారం ఆరాధనలో ఆమె వెనక వరసలో కూర్చుంది. పాస్టరు సిలువ గురించి మాట్లాడుతూ, యేసు పక్కన ఇంకో సిలువ మీద వేలాడిన దొంగ సంగతి ఎత్తాడు. జొమ్నేకి తెలియని కథ కాదు. ముప్పై ఏళ్ళు గుమ్మం బయటా, పదకొండేళ్ళు గుమ్మం లోపలా విన్నదే. కానీ ఆ రోజు ఆమెకి ఆ దొంగ చేతులు కనిపించాయి. రెండు చేతులకీ మేకులే. వాడు ఎవరికీ కిమ్చి పెట్టలేడు. ఎవరినీ వీపున మోయలేడు. దొంగిలించింది తిరిగి ఇవ్వడానికి కిందికి దిగి రాలేడు. సాయంత్రానికి చచ్చిపోతాడు. వాడు చేసిందల్లా నోరు తెరిచి అడగడం. అడిగాడు, ఇచ్చాడాయన. అంతే.

నేను అడిగానా? అనుకుంది జొమ్నే.

గుర్తు తెచ్చుకుంది. అరుగు ముందు నిలబడి తాను అన్న ప్రతి మాటా గుర్తు తెచ్చుకుంది. రాళ్ళు గీకానంది. ఆ తర్వాత వెంటనే కిమ్చి అంది, ఏ ఏడూ మానలేదంది. చేసిన తప్పూ చెప్పింది, పడ్డ కష్టమూ చెప్పింది. ఒక్క మాట మాత్రం చెప్పలేదు. నలభై ఒక్క ఏళ్ళలో, నిద్రలో కూడా, ఎవరినీ అడగని మాట. అడిగితే అవతలివాళ్ళు కాదనొచ్చు. పని చేస్తుంటే ఎవరూ కాదనరు. ఓసి నా తెలివి తెల్లారా, అని తన నోరు తానే కొట్టుకుని, ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా ఏడ్చింది.

శనివారం పదింటికి ఇంట్లోంచి బయల్దేరింది. గుమ్మం దాటబోతూ అలవాటుగా వంటగది వైపు తిరిగింది. మూకుడు మీద చెయ్యి పడింది కూడా. వెనక్కి లాక్కుంది. బుద్ధెరిగాక ఎవరింటికీ వట్టి చేతులతో వెళ్ళి ఎరగదు. ఇరవై అడుగుల దూరంలో ఉన్న ఇంటికి వెళ్ళడానికి ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జేబుల్లో పెట్టింది, బాగా లేదు. వెనక్కి కట్టుకుంది, ఊరి పెద్దలా ఉంది. చివరికి అలాగే వేళ్ళాడేసుకుని వెళ్ళింది.

యాంగ్‌నిమ్ వంటగదిలో ఉంది. గుమ్మంలో నీడ పడితే తల తిప్పి చూసింది. ముందు చేతులకేసి, తర్వాత మొహంకేసి.

"ఏం తేలేదే ఇవాళ?"

"ఏం తేలేదు. యాంగ్‌నిమ్, నన్ను క్షమించు. బద్ధకంతో, అక్కసుతో ఆ రాళ్ళు వదిలేశాను. నీ కాలు పోగొట్టాను. నేను చేసినవేవీ దానికి సరిపోవు. సరిపోతాయని చేస్తూ పోయాను, సరిపోలేదు. క్షమించమని అడగడానికి వచ్చాను. కాదంటే కాదను. కానీ అడగడమైతే అడిగాను."

యాంగ్‌నిమ్ పొయ్యి మంట తగ్గించింది. తీరుబడిగా చెయ్యి తుడుచుకుంది.

"నేనొకటి అడుగుతాను, ఆగి ఆలోచించి చెప్పు. మొన్నట్లా టక్కున చెప్పకు. ఈ నలభై ఏళ్ళలో, ఒక్కసారైనా నా దగ్గరికి ఊరికే వచ్చావా? రావాలనిపించి?"

జొమ్నే ఆగింది, ఆలోచించింది. "వానొచ్చినప్పుడు," అంది.

"వానొస్తే?"

"వానొస్తే చేసేందుకు పనుండదు కదే. అయినా వచ్చేదాన్ని. పొయ్యి వేడికి నీ గది నేల వెచ్చగా ఉండేది. నువ్వు టీవీ పెట్టుకుని నిద్రపోయేదానివి. నేనూ నీ పక్కన పడుకునేదాన్ని. నువ్వు గురక పెడతావు. ఆ గురక వింటే నాకు హాయిగా నిద్ర పట్టేది. మా ఇంట్లో అంత నిద్ర ఎన్నడూ పట్టలేదు. దానివల్ల నీకేం లాభం? నీ దుప్పటి సగం లాక్కోవడం తప్ప..."

"నేను గురక పెట్టను."

"పెడతావు."

యాంగ్‌నిమ్ మూతి బిగించింది. అది నవ్వు ఆపుకోడమో ఏడుపు ఆపుకోడమో జొమ్నేకి తెలియలేదు. రెండూ అని కాసేపటికి తేలింది.

"ఈ రెండు వారాలూ నాకు నిద్ర లేదక్కా," అంది యాంగ్‌నిమ్. 'అక్కా' అన్న మాట వినగానే జొమ్నే గుమ్మం పట్టుకుంది. "నీ మీద కోపంతోనే అనుకున్నాను. మూడో రోజుకి తెలిసింది, కోపం కాదు, ఇంకేదో. పక్క మీద లేచి కూర్చున్నాను. దేవుడు విరగ్గొట్టలేదు అని తెలిసింది! నువ్వు విరగ్గొట్టావు. నీ దిక్కుమాలిన పార విరగ్గొట్టింది. ఆయన కాదు!"

"అవును. నేనే."

"నీకు తెలీదు. కూటాల్లో నవ్వించాను కానీ, ఇంట్లో టీవీలో కుస్తీ వస్తే ఇప్పటికీ చప్పుడు తగ్గించేస్తాను, పైనుంచి వింటాడేమోనని. నలభై ఒక్క ఏళ్ళు ప్రార్థన చేశాను. ఊళ్ళోవాళ్ళందరి కోసం అడిగాను. ఈ కాలి నొప్పి తగ్గించమని ఒక్కసారి అడగలేదు. ఆయనే విరిచినదాన్ని ఆయన్నే బాగు చెయ్యమనడానికి మొహం చెల్లలేదు. ఆయనంటే నాకు భయమక్కా. ప్రేమామయుడా అని పాడుతూ లోపల వణికాను. ఇంకో కాలు కూడా ఉంది కదా అని వణికాను."

అరచేత్తో మొహం తుడుచుకుంది.

"ఆయన నా కాలు విరవలేదు. నీళ్ళలోంచి లాగాడు. అంతే చేశాడు. మొన్న రాత్రి మొదటిసారి భయం లేకుండా ఆయనతో మాట్లాడాను. ఎంత హాయిగా ఉందో! చిన్నపిల్లనైపోయాను. నువ్వు చెప్పకపోతే నాకీ సంగతి తెలియకుండానే చచ్చేదాన్ని. నా సాక్ష్యం మాత్రం సర్వనాశనం చేశావు. అంత మంచి కుస్తీ ఘట్టం ఇంకెక్కడ వాడుకోను?"

"క్షమించినట్టేనా మరి?" అంది జొమ్నే చిన్న గొంతుతో.

"క్షమించాను. కాలు గురించి మాత్రం తిడతాను. ఓ నెల తిడతాను, పడు."

"పడతాను."

"క్షమించాక నువ్వు మళ్ళీ పార పట్టుకుని నా మడిలో దిగావో, ఊరుకోను. వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చో. భోజనం చేసి వెళ్దువుగాని."

"నేను వడ్డిస్తాను, నువ్వు..."

"కూర్చోమన్నానా?"

జొమ్నే కూర్చుంది. యాంగ్‌నిమ్ వంటగదిలోంచి బల్ల దగ్గరికి నడవడం మొదలుపెట్టింది. బండి లేదు, గోడే ఆసరా. ఒక అడుగు దబ్ మని పడుతుంది, ఒక అడుగు సర్రున ఈడ్చుకుంటుంది. అన్నం గిన్నె తెచ్చి పెట్టింది. మళ్ళీ వెళ్ళింది. వేయించిన చేప తెచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ప్రతి ఈడ్పూ జొమ్నే గుండె మీద నుంచే వెళుతోంది. ఆ కాలుని అలా చేసింది తను, ఆ కాలు తనకి అన్నం మోసుకొస్తోంది. లేవబోయి ఆగింది. చేతులు బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాయి. బతుకులో ఎన్నో బరువులు మోసింది కానీ, ఊరికే కూర్చోవడం అంత బరువని ఎరగదు.

చివరి నడకలో పొగలు కక్కుతూ సముద్రపు నాచు పులుసు వచ్చింది. నువ్వుల నూనె వాసన గుప్పుమంది.

"ఇదేంటి, పుట్టినరోజు పులుసు! ఇవాళ ఎవరి పుట్టినరోజు?"

"ఇవాళ కాదు, రేపు. నీది. బాప్తిస్మం అంటే మళ్ళీ పుట్టడమేగా," అంది యాంగ్‌నిమ్, ఎదురుగా కూలబడి కాలు చాపుకుంటూ. "నువ్వొస్తావో రావో తెలీదు. పొద్దున్నే నానబెట్టాను. రాకపోతే నేనే వచ్చి గోడ మీంచి పిలుద్దామనుకున్నాను. రెండు వారాలు బెట్టు చేసింది చాల్లే అనిపించింది."

జొమ్నే చెంచా తీసుకుంది. తాను అడగకముందే, గుమ్మం దాటకముందే, ఈ పులుసు పొయ్యి మీద ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారి గిన్నెలో పడ్డాయి. వెక్కుతూనే తాగింది. వేడిగా గొంతు దిగి, ఇన్నేళ్ళూ బిగుసుకుపోయి ఉన్నదేదో లోపల వదులయింది. ప్రభువా, స్తోత్రం, అనుకుంది. అంతకన్నా మాట దొరకలేదు. పులుసు అయిపోయింది. గిన్నె అడుగు కనిపిస్తోంది. ఇంకో రోజైతే ఈపాటికి లేచి, ఆ గిన్నె కడిగి బోర్లించి ఉండేది.

గిన్నె ముందుకి జరిపింది. "ఇంకొంచెం పెట్టు," అంది.

ఆ నోటి నుంచి ఆ మాట యాంగ్‌నిమ్ ఎన్నడూ వినలేదు. ఆశ్చర్యంగా చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచి, దబ్‌మనీ సర్రుమనీ వెళ్ళి, అంచుల దాకా నింపి తెచ్చింది. ఆ చేత్తోనే ఫోను అందుకుంది.

"పాస్టరు గారూ, నేను యాంగ్‌నిమ్‌ని. మీ ఎనిమిదేళ్ళ విద్యార్థిని నా ఎదురుగా ఉంది. వట్టి చేతులతో వచ్చి, రెండో గిన్నె తాగుతోంది. ఆ, నిజమేనండీ, తానే అడిగింది. ఇంకా పరీక్ష పెడతారా? చాలా? అయితే సంఘపెద్ద గారికి కూడా చెప్పేయండి, తొందరపడి చచ్చిపోవద్దనండి. ఇదిగో, ఉండండి, దానికిస్తాను."

జొమ్నే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల పాస్టరు ఆ పాత ప్రశ్నే, కేవలం కృప వల్లేనని నమ్ముతారా అని, మళ్ళీ అడిగాడు.

"నమ్ముతున్నానండీ," అంది జొమ్నే. నోటి నిండా పులుసుండటంతో మాట సరిగా రాలేదని, మింగి, ఇంకోసారి చెప్పింది.